హెల్పరా, పేజ్ ఆబ్జెక్టా, ఫిక్స్చరా? టెస్ట్ ఫెయిలైన రోజును బట్టి తేల్చుకోండి

"అక్కా, ఇవే ఆరు లైన్లు ఇరవై మూడు ఫైళ్లలో ఉన్నాయి. తీసి యుటిల్స్‌లో పడేద్దామా?"

మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ మా టీమ్ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. ఊరు అనంతపురం. వెబ్‌సైట్లను కోడ్‌తో పరీక్షించే టెస్ట్ ఆటోమేషన్‌లోకి వచ్చి ఎనిమిది నెలలు. ఆ ఆరు లైన్లు లాగిన్‌వి: సైట్ తెరవడం, మొబైల్ నంబర్ కొట్టడం, టెస్ట్ ఓటీపీ ఇవ్వడం, హోమ్ పేజీ వచ్చేదాకా ఆగడం. వాటిని ఒకచోటికి తేవాలన్న ఆలోచన సరైనదే. నాకు పేచీ అంతా "పడేద్దామా" అన్న మాటతోనే.

చిన్నాచితకా ఫంక్షన్లన్నీ చేర్చే యుటిల్స్ ఫైల్ అంటే మన ఇళ్లలో అటక లాంటిది. పైకెక్కించడం రెండు నిమిషాల పని. పండక్కి ఇత్తడి బిందె కావాలంటే మాత్రం విరిగిన ఫ్యాను, పాత ట్రంకుపెట్టె, ఎవరిదో తెలియని సూట్‌కేసు అన్నీ దించాలి. నేను చూసిన ఒక యుటిల్స్ ఫైల్లో తేదీ మార్చే ఫంక్షన్ పక్కనే చెక్అవుట్ మొత్తం చేసే ఫంక్షన్ ఉంది. దాని కిందే 'లాగిన్', 'లాగిన్ న్యూ', 'లాగిన్ న్యూ టూ'. మూడూ వాడుకలోనే ఉన్నాయి.

కాబట్టి ఒకే కోడ్ పదేపదే కనిపించినప్పుడు మన ముందు ఒక దారి కాదు, ఐదారు దారులున్నాయి: అలాగే వదిలెయ్యడం, మామూలు ఫంక్షన్ రాయడం, పేజ్ ఆబ్జెక్ట్‌లో పెట్టడం, ప్లేరైట్‌లో అయితే ఫిక్స్చర్, సైప్రెస్‌లో అయితే కస్టమ్ కమాండ్ (ఈ రెండూ బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే టూల్స్), అన్నిటికీ పైన టెస్టులన్నీ వారసత్వంగా తీసుకునే ఒక బేస్ క్లాస్. వీటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో నా అనుభవంలోంచి చెబుతాను.

దేనితో కొలవాలి

చాలామంది ఎన్ని లైన్లు తగ్గాయో చూసి మురిసిపోతారు. నేను వేరే ప్రశ్న వేస్తాను. పొద్దున తొమ్మిదింటికి, టెస్టులను వాటంతట అవే నడిపే పైప్‌లైన్ ఎర్రగా ఉంది, అంటే ఏదో ఫెయిలైంది. ఆ హెల్పర్ (ఇలా టెస్టులన్నీ పంచుకునే కోడ్) రాయని మనిషి రిపోర్ట్ తెరిచాడు. కోడ్‌లోకి దూరకుండా ఏం విరిగిందో అతనికి అర్థమవుతుందా?

బెంగళూరులో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఇక్కడ హెల్పర్ రాసినవాళ్లు, అది ఫెయిలయ్యే రోజుకు అదే టీమ్‌లో ఉంటారన్న నమ్మకం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ గేటు దాటి ఆ గేటులోకి వెళ్లిపోయి ఉంటారు.

నాకు ఈ పాఠం నేర్పింది 'సేఫ్ క్లిక్' అనే హెల్పర్. నేను అంతకుముందు పనిచేసిన కంపెనీలో, ఒక షాపింగ్ సైట్ టెస్టుల్లో ఉండేది. బ్రౌజర్‌ను నడిపే సెలీనియం టూల్, జావా భాష. పేరుకు తగ్గట్టే ఎంతో జాగ్రత్తగా రాశారు దాన్ని. ముందు మామూలుగా క్లిక్ చేస్తుంది. కాకపోతే జావాస్క్రిప్ట్‌తో క్లిక్ చేయిస్తుంది. అదీ కాకపోతే లాగ్‌లో ఒక లైను రాసి ముందుకు పోతుంది. అది వచ్చాక ఫ్లేకీ టెస్టులు (ఏమీ మారకపోయినా ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యేవి) ఒక్కసారిగా తగ్గాయి. మేనేజర్ స్టాండప్‌లో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్లకు సైట్ అడుగున కుకీ బ్యానర్ ఒకటి పెట్టారు. చిన్న స్క్రీన్లలో అది సరిగ్గా కూపన్ అప్లై బటన్ మీద కూర్చుంది. మనిషి వేలితో నొక్కితే వేలు బ్యానర్‌కే తగులుతుంది, బటన్‌కు తగలదు. సెలీనియం మామూలు క్లిక్ కూడా సరిగ్గా అదే చెప్పింది: ఈ క్లిక్‌ను మధ్యలో వేరే ఎలిమెంట్ అందుకుంటోందని. మన 'సేఫ్ క్లిక్' ఆ మాట పట్టించుకోకుండా జావాస్క్రిప్ట్‌కు మారింది. జావాస్క్రిప్ట్ క్లిక్‌కు పైన ఏం కప్పి ఉన్నా ఒకటే. కూపన్ పడింది, టెస్ట్ పచ్చగా వచ్చింది. రెండు వారాల పాటు రోజూ పచ్చగానే వచ్చింది. చివరికి కస్టమర్ కేర్ వాళ్లు ఫిర్యాదుల స్క్రీన్‌షాట్లు పంపితే తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫ్లేకీ పోగొట్టడానికి తెచ్చిన హెల్పర్ అసలు బగ్గునే మింగేసింది. దాన్ని రాసినాయన అప్పటికే మానేసి ఆరు నెలలైంది.

ఎలా చేయాలన్నది హెల్పర్ దాచవచ్చు, దాని పనే అది. ఏం తప్పు జరిగిందన్నది మాత్రం దాచకూడదు. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఈ కళ్లతోనే చూస్తున్నాను.

అలాగే వదిలెయ్యడం

ఇది బద్ధకం కాదు, ఒక ఎంపికే. రెండుచోట్ల ఉన్న నాలుగు లైన్లను వెంటనే ఫంక్షన్ చేయక్కర్లేదు. మూడోసారి రాయాల్సి వచ్చినప్పుడు ఆలోచిస్తే చాలు. అప్పటికి వాటిలో ఏది నిజంగా ఒకటే, ఏది చూడ్డానికి మాత్రమే ఒకటో తేలుతుంది. ప్రొడక్ట్ కోడ్‌లో తప్పనిపించే పునరుక్తి టెస్ట్ కోడ్‌లో కొంతవరకు చెల్లుతుంది. టెస్ట్‌ను పై నుంచి కిందికి కథలా చదవగలగాలి. ప్రతి లైనుకూ వేరే ఫైలుకు గెంతాల్సి వస్తే అది చదవడం కాదు, తొక్కుడుబిళ్ల ఆట.

మామూలు ఫంక్షన్

నాకు బాగా ఇష్టమైనది ఇదే. తక్కువ మర్యాద దొరికేదీ దీనికే. క్లాసు లేదు, డిజైన్ ప్యాటర్న్ పేరు లేదు, రెజ్యూమేలో రాసుకోవడానికి ఏమీ లేదు.

బ్రౌజర్‌తో సంబంధం లేని పనులకు దీన్ని మించింది లేదు. మన దగ్గర ధరలు '₹1,25,000' అని లక్షల కామాలతో కనిపిస్తాయి. ఆ మాటను అంకెగా మార్చే ఫంక్షన్ ఒకటి ఉంటే, కార్ట్ మొత్తాన్ని లెక్కతో పోల్చే ప్రతి టెస్టుకూ పనికొస్తుంది. ప్రతిసారీ కొత్త మొబైల్ నంబర్ తయారుచేయడం, టెస్ట్ సర్వర్ నుంచి ఓటీపీ తేవడం, ఏపీఐ పిలిచి ఒక ఆర్డర్ సృష్టించడం కూడా ఈ కోవలోవే. పైగా లక్షల కామాల ఫంక్షన్‌లాంటి వాటిని బ్రౌజర్ తెరవకుండా విడిగా టెస్ట్ చేసుకోవచ్చు.

బ్రౌజర్‌ను తాకే ఫంక్షన్ అయితే కొంచెం జాగ్రత్త కావాలి. పేరు వాడుకరి చేసే పనిలా ఉండాలి: 'కూపన్ వాడు', 'చిరునామా మార్చు'. 'క్లిక్ అండ్ వెయిట్ అండ్ చెక్' అని పేరు పెట్టాల్సి వస్తోందంటే అందులో మూడు పనులున్నట్టు. ట్రూ, ఫాల్స్ జెండాలు ఇంకో తలనొప్పి. 'ఆర్డర్ పెట్టు' అనే ఫంక్షన్‌కు ట్రూ, ఫాల్స్, ఫాల్స్, ట్రూ అని నాలుగు విలువలు పంపితే, ఆ రెండో ఫాల్స్ ఏమిటో రాసిన మనిషికే వారం తర్వాత గుర్తుండదు. ఒక జెండా చేర్చాలనిపించినప్పుడు రెండో ఫంక్షన్ రాయండి.

ప్లేరైట్ వాడేవాళ్లకు రెండు మాటలు. మొదటిది, హెల్పర్‌ను పిలిచేచోట అవెయిట్ ('పూర్తయ్యేదాకా ఆగు' అని చెప్పే మాట) మరిచిపోతే ఆ పని పూర్తికాకముందే టెస్ట్ ముందుకు పోతుంది. తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట. ఒక్కోసారి ఎర్రర్ కూడా ఉండదు, టెస్ట్ ఉత్తినే పాసవుతుంది. టైప్‌స్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు వెతికే లింటర్‌లో 'నో ఫ్లోటింగ్ ప్రామిసెస్' అనే రూల్ ఆన్ చేయండి, అది పట్టిస్తుంది. రెండోది, హెల్పర్ లోపలి పనిని 'టెస్ట్ స్టెప్'లో చుట్టండి. రిపోర్ట్‌లో 'కూపన్ వాడు' అన్న పేరుతో ఒక మెట్టు కనిపిస్తుంది. 1.39 వెర్షన్ నుంచి దానికి 'బాక్స్' అనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే ఎర్రర్, హెల్పర్ పొట్టలోని లైనును కాకుండా దాన్ని పిలిచిన లైనును చూపిస్తుంది. పొద్దున తొమ్మిదింటి మనిషికి ఇది పెద్ద ఉపకారం.

పేజ్ ఆబ్జెక్ట్

సెలీనియం 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ చేతిలో మొదలైంది. పేజ్ ఆబ్జెక్ట్ పద్ధతి ఆ ప్రపంచంలోనే స్థిరపడింది. స్క్రీన్‌కు ఒక క్లాసు. ఆ స్క్రీన్ లొకేటర్లు (బటన్లను, బాక్సులను వెతికిపట్టే గుర్తులు), అక్కడ చేసే పనులు దాని లోపల. టెస్టుకు బటన్ ఐడీ తెలియనక్కర్లేదు. స్క్రీన్ మారితే ఒక్కచోట మార్చితే సరిపోతుంది.

అమీర్‌పేటలో కోర్సు చేసి బెంగళూరు బస్సెక్కిన మనవాళ్లలో పేజ్ ఆబ్జెక్ట్ గురించి విననివాళ్లుండరు. "మీ ఫ్రేమ్‌వర్క్ వివరించండి" అని ఇంటర్వ్యూలో అడగగానే హైబ్రిడ్ ఫ్రేమ్‌వర్క్, పేజ్ ఆబ్జెక్ట్ మోడల్, టెస్ట్‌ఎన్‌జీ, ఎక్సెల్ నుంచి డేటా అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. నేనూ చెప్పాను. ఎందుకు అన్న రెండో ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

ఒకే స్క్రీన్‌ను చాలా టెస్టులు తాకుతున్నప్పుడు, ఆ స్క్రీన్ తరచూ మారుతున్నప్పుడు పేజ్ ఆబ్జెక్ట్ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. చెక్అవుట్, సెర్చ్ ఫలితాలు, అడ్మిన్ డ్యాష్‌బోర్డ్ అలాంటివి. ఒకే ఒక్క టెస్ట్ వాడే 'మా గురించి' పేజీకి కూడా క్లాసు రాయడం మాత్రం ఆచారం కోసం చేసేది. పేరులో పేజ్ ఉందని మొత్తం పేజీకే రాయాలని కూడా లేదు. క్యాలెండర్, పైన ఉండే మెనూ, ఫిల్టర్ల పట్టీ లాంటి ముక్కలకు విడివిడిగా రాసుకుంటే ఎక్కువ పనికొస్తాయి.

సెలీనియంలో పేజ్ ఆబ్జెక్ట్ రాసేటప్పుడు ఎలిమెంట్‌ను పట్టుకుని దాచుకోకండి, దాన్ని వెతికే లొకేటర్‌ను దాచుకోండి. పేజీ ఆ భాగాన్ని మళ్లీ గీసిందంటే మీ దగ్గరున్న ఎలిమెంట్ పాతదైపోయి 'స్టేల్ ఎలిమెంట్' ఎర్రర్ వస్తుంది. పేజ్ ఫ్యాక్టరీలో 'క్యాష్ లుకప్' పెట్టినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

అసర్షన్లు, అంటే 'ఫలితం ఇలా ఉండాలి' అని తేల్చే లైన్లు, పేజ్ ఆబ్జెక్ట్‌లో ఉండాలా, టెస్టులో ఉండాలా అన్నది పాత గొడవ. సాఫ్ట్‌వేర్ డిజైన్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2013లో పేజ్ ఆబ్జెక్ట్ మీద రాసినప్పుడు, లోపల అసర్షన్లు లేకపోవడమే తనకిష్టమన్నారు. సెలీనియం డాక్యుమెంటేషన్ కూడా ఆ వైపే ఉంటుంది, ఒక్క మినహాయింపుతో: సరైన పేజీ తెరుచుకుందా లేదా అన్నది పేజ్ ఆబ్జెక్ట్ చూసుకోవచ్చు. నేనూ ఈ వైపే. టెస్ట్ ఏం నిరూపిస్తోందో ఆ మాట టెస్టులోనే కళ్లకు కనబడాలి. 'పేజ్ వెరిఫై ఆల్' అన్న ఒక్క లైనుతో ముగిసే టెస్ట్ చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఫిక్స్చర్

ప్లేరైట్‌ను మైక్రోసాఫ్ట్ 2020లో బయటపెట్టింది. దాని సొంత టెస్ట్ రన్నర్ తర్వాతి ఏడాది వచ్చింది, ఫిక్స్చర్లు దానితోపాటే వచ్చాయి. టెస్ట్ తనకు ఏం కావాలో పేరు పెట్టి అడుగుతుంది: 'లాగినైన పేజీ', 'రెండు వస్తువులున్న కార్ట్'. అడిగిన టెస్టుకే అది తయారవుతుంది, అడగని టెస్టుకు ఖర్చు లేదు. టెస్ట్ అయిపోయాక శుభ్రం చేసే కోడ్ కూడా, తయారుచేసిన కోడ్ పక్కనే ఉంటుంది.

మామూలు ఫంక్షన్‌కూ దీనికీ అసలు తేడా అక్కడే. ఫంక్షన్‌తో ఆర్డర్ సృష్టిస్తే దాన్ని తీసేసే బాధ్యత టెస్ట్ రాసినవాళ్లది. మధ్యలో ఫెయిలైతే ఆ ఆర్డర్ అలాగే ఉండిపోతుంది, మర్నాటికి డేటాబేస్ నిండా ఎంగిలి విస్తళ్లే. ఫిక్స్చర్ అయితే టెస్ట్ ఫెయిలైనా శుభ్రం చేసే భాగం నడుస్తుంది. అందుకే నేను పెట్టుకున్న గీత ఇది: వెనక శుభ్రం చేయాల్సినదేదైనా ఫిక్స్చర్, చేయనక్కర్లేనిది ఫంక్షన్.

లాగిన్‌కు ఇంకో సౌకర్యం ఉంది. ఒకసారి లాగినై 'స్టోరేజ్ స్టేట్'ను (బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న లాగిన్ వివరాలను) ఫైల్లో దాచుకుంటే, మిగతా టెస్టులు ఆ ఫైల్‌తో నేరుగా లోపలికొస్తాయి. కుకీలు, లోకల్ స్టోరేజ్ అందులో వస్తాయి. సెషన్ స్టోరేజ్ రాదు. మీ యాప్ టోకెన్‌ను సెషన్ స్టోరేజ్‌లో పెడితే దాన్ని విడిగా పెట్టుకోవాలి. ఇది తెలియక ఒక పూటంతా పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఫిక్స్చర్ మీద ఫిక్స్చర్, దాని మీద ఇంకోటి కడుతూ పోతే మాత్రం టెస్టులో మూడు లైన్లే మిగులుతాయి, వెనక ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. రెండు అంతస్తులు చాలు.

సైప్రెస్‌లో కస్టమ్ కమాండ్

సైప్రెస్ టీముల్లో చేరగానే చాలామంది ప్రతి హెల్పర్‌నూ కస్టమ్ కమాండ్ చేసేస్తారు. సపోర్ట్ ఫైల్లో రాస్తే ఎక్కడ కావాలంటే అక్కడ దొరుకుతుంది కదా అని. ఆ సులువులోనే చిక్కుంది. అన్నీ ఒకే పేర్ల గుంపులో చేరతాయి, టైప్‌స్క్రిప్ట్‌లో ప్రతి దానికీ విడిగా టైప్ ప్రకటించాలి. మామూలు ఫంక్షన్‌ను ఇంపోర్ట్ చేసుకుంటే అది ఎక్కడినుంచి వచ్చిందో ఫైల్ పైనే కనిపిస్తుంది. చాలా వరకు అదే సరిపోతుంది.

సైప్రెస్ కమాండ్లు పిలవగానే నడవవు, వరుసలో చేరతాయి. అందుకే హెల్పర్ నుంచి ధరను తిరిగిచ్చి, దాన్ని వెంటనే వేరియబుల్‌లో పెట్టుకుందామంటే కుదరదు, 'దెన్' లోపల అందుకోవాలి. జావా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. ఇంకోటి: మామూలు కస్టమ్ కమాండ్ మొత్తంగా రీట్రై అవ్వదు. పేజీలో ఏదో వెతికే హెల్పర్ రీట్రై అవ్వాలంటే 12వ వెర్షన్‌లో వచ్చిన 'యాడ్ క్వెరీ' వాడాలి. లాగిన్‌కైతే 'సెషన్' కమాండ్ ఉంది. అది కుకీలు, లోకల్ స్టోరేజ్‌తోపాటు సెషన్ స్టోరేజ్‌ను కూడా దాచి తిరిగిస్తుంది.

బేస్ క్లాస్, స్క్రీన్‌ప్లే

బేస్ క్లాస్‌లో డ్రైవర్ (బ్రౌజర్‌ను నడిపే కోడ్) తెరవడం, మూయడం, ఫెయిలైతే స్క్రీన్‌షాట్ తీయడం వరకు ఉంచండి. అక్కడ స్టాటిక్ డ్రైవర్ (టెస్టులన్నిటికీ కలిపి ఒకటే) ఉంటే టెస్టులను పక్కపక్కన నడిపిన రోజున ఒకరి బ్రౌజర్‌లో ఇంకొకరు టైప్ చేస్తారు. మిగతా హెల్పర్లను వారసత్వంగా పంచడం మొదలుపెడితే ఉమ్మడి ఆస్తి గొడవలే: ఒకరికోసం మారిస్తే ఇంకొకరికి విరుగుతుంది.

టెస్టులను వాడుకరులు చేసే పనులుగా విడగొట్టి రాసే స్క్రీన్‌ప్లే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. వందల టెస్టులు, నాలుగైదు రకాల వాడుకరులు, చాలాకాలం నిలిచే టీమ్ ఉంటే చూడండి. నలభై టెస్టులున్న సూట్‌కు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

వెయిట్లను హెల్పర్లలో దాచకండి

ఏ దారి ఎంచుకున్నా ఇది మాత్రం వర్తిస్తుంది. హెల్పర్‌లో మూడు సెకన్ల స్లీప్ పెట్టి, సూట్ మొత్తంలో దాన్ని నాలుగు వందల సార్లు పిలిస్తే, ఊరికే నిలబడ్డ సమయమే 20 నిమిషాలు. టెస్టులో రాసిన స్లీప్ రివ్యూలో దొరికిపోతుంది. హెల్పర్‌లో దాక్కున్నది సంవత్సరాలు బతుకుతుంది.

ప్లేరైట్‌లో 'ఆగి క్లిక్ చెయ్యి' అనే హెల్పర్ అవసరమే లేదు. క్లిక్‌కు ముందు ఎలిమెంట్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా, క్లిక్ నిజంగా దానికే తగులుతుందా అని అదే చూసుకుంటుంది. ఆ చివరి పరీక్ష ఉంటే నా కూపన్ కథ మొదటి రోజే ముగిసేది. అసర్షన్లు కూడా మామూలుగా 5 సెకన్ల వరకు తమంతట తామే మళ్లీ ప్రయత్నిస్తాయి. సెలీనియంలో ఆ పని మనమే చేసుకోవాలి కాబట్టి ఎక్స్‌ప్లిసిట్ వెయిట్‌కు (ఫలానాది జరిగేదాకా ఆగమని చెప్పడానికి) ఒక చిన్న హెల్పర్ న్యాయమే. దానితోపాటు ఇంప్లిసిట్ వెయిట్ (ఎలిమెంట్‌ను వెతికే ప్రతిసారీ వర్తించేది) కూడా పెట్టుకోవద్దు. ఇంప్లిసిట్ 10, ఎక్స్‌ప్లిసిట్ 15 సెకన్లు పెడితే టైమవుట్ 20 సెకన్లకు రావచ్చని సెలీనియం వాళ్లే హెచ్చరిస్తారు.

నన్నడిగితే

కొత్తగా మొదలుపెడుతున్న చిన్న టీమ్ అయితే, ప్లేరైట్‌లో మామూలు ఫంక్షన్లు, లాగిన్‌కూ డేటాకూ ఫిక్స్చర్లు, బాగా కదిలే రెండు మూడు స్క్రీన్లకు మాత్రం పేజ్ ఆబ్జెక్ట్. ఇప్పటికే సెలీనియం, జావాలో వెయ్యి టెస్టులుంటే పేజ్ ఆబ్జెక్ట్‌లనే ఉంచి వాటి కడుపులోంచి అసర్షన్లు, స్లీప్‌లు తీయండి. ఫ్యాషన్ మారిందని అన్నీ తిరగరాయకండి. సైప్రెస్ అయితే ముందు ఫంక్షన్. మామూలు కమాండ్‌లా వరుసలో కలిసిపోవాల్సిన చిన్న చిన్న పనులకు మాత్రమే కస్టమ్ కమాండ్. మాన్యువల్ టెస్టర్లు కూడా స్క్రిప్టులు చదివే టీమ్‌లో అయితే నేను పేర్ల మీద ఎక్కువ సమయం పెడతాను, ప్యాటర్న్ మీద తక్కువ.

ఆ రోజు మెస్‌లోంచి వచ్చాక కుర్రాడూ నేనూ కూర్చుని ఆ ఇరవై మూడు చోట్లనూ ఒక్కొక్కటిగా తెరిచాం. పంతొమ్మిదింటికి లాగిన్ అనేది దారిలో వచ్చే గడప మాత్రమే. అవి ఫిక్స్చర్‌కు వెళ్లాయి. మూడింటిలో లాగినే అసలు పరీక్ష: తప్పు ఓటీపీ, గడువు దాటిన ఓటీపీ, బ్లాకైన నంబర్. వాటిలో ఆరు లైన్లూ అలాగే ఉంచాం. మిగిలిన ఒక్కటి ఏం పరీక్షిస్తోందో ఇద్దరికీ అంతు పట్టలేదు.

"ఇదెవరు రాశారక్కా?"

ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ చూస్తే నా పేరే వచ్చింది. డిలీట్ చేశాం.